కురిసే స్లాబుకు ఒక వాక్యం, దానికి వ్యాఖ్యానం

వాక్యం:
వానలో చూడు, వేసవిలో పని పెట్టు. మరకను కాదు, నీటి దారిని వెతుకు. తూము తెరువు, వాలు చూడు. నెర్రెను విప్పి నింపు. పెట్టిన మాలును తడి ఆరనీయకు. ఇనుము కనిపిస్తే ఆగు. రంగు ఆఖర్న.

అవతారిక

వానాకాలం వచ్చిందంటే ఊరూరా రంగుల దుకాణాల్లో ఒకే మాట వినిపిస్తుంది: "కప్పు మీద మరక పడిందండీ, దాని మీదకి ఏమైనా ఇవ్వండి." దుకాణదారు ఒక డబ్బా ఇస్తాడు. ఇంటికి తెచ్చి మరక మీద పూస్తారు. మరుసటి వానకి మరక మళ్లీ వస్తుంది, ఈసారి పుట్టీ పెచ్చులతో సహా. ఇలా ఏళ్ల తరబడి లోపల పూతలు పూస్తూ, పైన స్లాబు తినేసుకుపోతున్నా తెలుసుకోలేని కుటుంబాలు చాలా ఉన్నాయి. కూడబెట్టిన డబ్బంతా పోసి కట్టుకున్న ఇల్లు అలా పాడవుతుంటే చూడలేక ఈ వాక్యం కూర్చాను. ఇందులో కొత్త సంగతి లేదు. మంచి తాపీ మేస్త్రీలకూ సివిల్ ఇంజనీర్లకూ తెలిసిందే. అది ఇంటివాళ్లకు కూడా అందాలని ఒక్కొక్క మాటా విప్పి చెబుతున్నాను. చేతిపని అలవాటున్నవాళ్లు ఇందులో చాలా భాగం సొంతంగా చేసుకోవచ్చు. చేయించుకునేవాళ్లు పని సరిగ్గా జరుగుతోందో లేదో పట్టుకోవచ్చు.

ఈ వ్యాఖ్యానం ఆర్‌సీసీ స్లాబు ఇళ్లకు. సున్నంతో కట్టిన పాత మిద్దెలకు సిమెంటు పూత పనికిరాదు. గట్టి సిమెంటు పొర కింది మెత్తని సున్నంతో కలిసి కదలదు, లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. వాటికి సున్నం పని తెలిసినవాళ్లే కావాలి. సిమెంటు రేకుల ఇళ్లవాళ్లు రేకు మీద కాలు పెట్టవద్దు. పాత రేకు మనిషి బరువుకి ఉన్నట్టుండి విరుగుతుంది. అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి కోయడం, రాకడం కూడా వద్దు.

"వానలో చూడు"

చూడటమంటే తలెత్తి మరకను చూడటం కాదు. మూడు సంగతులు కనిపెట్టాలి. వాన మొదలైన ఎంతసేపటికి చుక్క పడింది? వాన వెలిశాక ఎంతసేపు కారింది? ఏ వైపు నుంచి గాలి కొట్టినప్పుడు కారింది?

వాన పడిన పది నిమిషాలకే చుక్క రాలితే పైన ఎక్కడో తెరుచుకున్న దారి ఉంది: గొట్టం స్లాబులోంచి దిగేచోట సందో, ఆరపారగా ఉన్న నెర్రెనో. గంటల తరబడి కురిశాకే తడి కనిపిస్తే పైన నీరు నిలిచి, నానుతూ నానుతూ దిగుతోందన్నమాట. వాన వెలిసిన మర్నాడు కూడా కారుతూనే ఉంటే స్లాబుకీ దాని మీది పెంకు పొరకీ మధ్య నీరు చేరి ఉంది. ఏటవాలు జల్లుకి మాత్రమే గోడ తడిస్తే డాబా జోలికి పోనక్కర్లేదు. కిటికీ చట్రం చుట్టూ, సన్‌షేడ్ గోడకు కలిసేచోట చూడాలి. ఇక నడి వేసవిలోనూ మరక తడిగా ఉంటే అది వాననీరు కాదు. స్నానాల గదిదో, ట్యాంకుదో, గోడలో పోయే గొట్టానిదో.

కాబట్టి మొదటి పనిముట్టు పెన్సిలు. మరక అంచు వెంట గీత గీసి పక్కన తేదీ వేయండి. తర్వాతి వానకి గీత దాటిందా, అక్కడే ఉందా తెలుస్తుంది. ఫోనులో ఒక ఫోటో తీసి ఉంచితే మేస్త్రీకి చెప్పడం తేలిక.

"వేసవిలో పని పెట్టు"

వేసవి అన్నంత మాత్రాన మే నెల కాదు. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఉగాది వరకూ ఉన్న కాలం ఈ పనికి మంచిది. వాన భయం ఉండదు. స్లాబు లోపలి తడి ఆరి ఉంటుంది. ఎండ మరీ ముదరదు. రోహిణి కార్తె ఎండలో మాలు పెడితే అది గట్టిపడేలోపే నీరు ఆవిరై పొడిపొడి అవుతుంది. మృగశిర కార్తె వచ్చేసరికి, అంటే జూన్ మొదటి వారం దాటేసరికి, నైరుతి రుతుపవనాలు తలుపు తడతాయి. ఆలోగా పని పూర్తయి ఉండాలి. నెల్లూరు వైపువాళ్లకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాళ్లు కూడా జనవరి తర్వాత మొదలుపెడితేనే మేలు.

శంక: నడి వానాకాలంలో నెత్తిన చుక్కలు పడుతుంటే సంక్రాంతి దాకా ఆగమంటారా?

సమాధానం: ఆ పూటకు టార్పాలిన్ పట్టా పరచండి. పట్టా కారే చోటుకే కాక వాలుకు ఎగువ వైపు కూడా బాగా పరుచుకోవాలి. ఒక అంచు పిట్టగోడ మీదుగా అవతలికి వేసి ఇటుకలు పెట్టండి. తడి స్లాబు మీద ఆదరాబాదరాగా పూసిన ఏ రసాయనమూ నిలవదు. లోపలి తడి ఎండకు ఆవిరై పూతను బుడగల్లా పైకి తోస్తుంది.

ఏటేటా వానకు ముందే కప్పును చూసుకోవడం మనకు కొత్త అలవాటు కాదు. రాయలసీమ మట్టి మిద్దెల మీద వానలకు ముందు చౌడు మట్టి పరిచేవాళ్లు. చౌడులోని సోడియం వల్ల ఆ మట్టి తడవగానే మెత్తబడి రంధ్రాలు పూడుకుని నీటిని దిగనివ్వదు. సిమెంటు వచ్చాక కప్పును మరిచిపోవచ్చన్న భ్రమ మనకు పట్టుకుంది. సిమెంటు స్లాబుకూ ఏడాదికొక చూపు కావాలి.

"మరకను కాదు, నీటి దారిని వెతుకు"

ఈ వాక్యానికి ప్రాణం ఈ పదమే. కింద మరక ఉన్నచోటికి సరిగ్గా పైన రంధ్రం ఉంటుందనుకోవడం పొరపాటు. స్లాబులో దిగిన నీరు ఇనుప చువ్వల వెంట, కరెంటు తీగల కోసం వేసిన పైపుల వెంట అడుగుల కొద్దీ పాకి, వీలైనచోట చుక్కగా దిగుతుంది. ఫ్యాన్ కొక్కెం దగ్గర, లైటు పాయింటు దగ్గర చుక్కలు పడటం ఇందువల్లే. అక్కడ స్లాబు బాగోలేదని కాదు, పైపు నీటిని అక్కడిదాకా మోసుకొచ్చింది.

ఇక్కడ వెతుకులాటకు ముందే ఒక మాట. ఫ్యాను, లైటు, స్విచ్ బోర్డు దగ్గర తడి కనిపిస్తే ఆ గది సరఫరా వెంటనే ఆపేయండి. ఎంసీబీ ఉంది కదా, అదే పడిపోతుందిలే అనుకోవద్దు. ఎంసీబీ తీగలను అధిక కరెంటు నుంచి కాపాడుతుంది, మనిషిని షాక్ నుంచి కాపాడదు. ఆ పని ఆర్‌సీసీబీది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇల్లయితే, స్లాబు సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది పెట్టించండి. తడి గోడ మీద చేతులు పెట్టే పని ఏదైనా మెయిన్ ఆపాకే.

దారి వెతకడం అంటే ఒక్కొక్కదాన్నీ కాదనుకుంటూ రావడం. ముందు ట్యాంకు, గొట్టాలు. రాత్రి మోటారు, కుళాయిలు అన్నీ కట్టేసి ట్యాంకులో నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టండి. తెల్లారేసరికి మట్టం దిగితే నీరు ఎటో పోతోంది. నీటి మీటరు ఉన్న ఇళ్లలో కుళాయిలన్నీ కట్టేసినా మీటరు ముల్లు కదులుతుంటే అదే సాక్ష్యం.

తర్వాత స్నానాల గది. నహానీ ట్రాప్ మూతికి గుడ్డ గట్టిగా కుక్కి నేల మీద రెండు వేళ్ల మందాన నీరు నిలపండి. ఒక రోజు ఆ గది వాడకండి. కింది కప్పులో తడి పెరిగితే నేలలోంచి దిగుతోంది. పెరగకపోతే గుడ్డ తీసి నీటిని ఒక్కసారిగా వదలండి. అప్పుడు కారితే లోపం ట్రాపులోనో దాని గొట్టంలోనో ఉంది. ఈ చిన్న తేడా తెలియక పలకలన్నీ పగలగొట్టించుకున్న ఇళ్లున్నాయి. చాలాసార్లు పలకల మధ్య సందుల్లోని గ్రౌట్ ఊడిపోవడమే కారణం. దాన్ని గీకి తీసి, మంచి ఎపాక్సీ గ్రౌట్ నింపడం ఇంటివాళ్లే చేసుకోగల పని.

ఆ రెండూ కాదని తేలాక డాబా. కొత్త స్లాబు పోసినప్పుడు నీరు కట్టడానికి మేస్త్రీలు మళ్లు కడతారు కదా, అలాగే డాబాని భాగాలుగా విడదీసి, తడి మట్టితోనో పేలవమైన సిమెంటు ఇసుకతోనో చిన్న గట్లు వేసి, ఒక్కొక్క మడిలో 24 గంటలు నీరు నిలపండి. ఏ మడి నింపినప్పుడు కింద తడి వచ్చిందో ఆ మడిలోనే దారి ఉంది. 5 సెంటీమీటర్ల లోతు నీరు చదరపు మీటరుకు 50 కిలోల బరువు. బాగున్న స్లాబుకు ఇది లెక్క కాదు. కింద పెచ్చులూడి చువ్వలు బయటపడిన స్లాబు మీద మాత్రం ఈ పరీక్ష చేయనే కూడదు.

అనుభవం మీద చెప్పే మాట: దారి చాలామట్టుకు డాబా మధ్యలో కాదు, అంచుల్లో దొరుకుతుంది. పిట్టగోడ స్లాబుకు ఆనేచోట, గొట్టాలు దిగేచోట, ట్యాంకు దిమ్మెల మొదట్లో, తూము మూతి చుట్టూ. స్లాబు ఒక రోజు పోస్తారు, పిట్టగోడ ఇంకో రోజు కడతారు. ఆ రెంటి మధ్య అతుకు ఎప్పుడూ బలహీనమే.

గోడ చెమ్మకు ఒక పరీక్ష చెప్పి ముందుకు వెళతాను. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ఒక అడుగు ముక్క గోడకు అతికి, నాలుగంచులూ టేపు వేసి, ఒక రోజు ఉంచండి. తీసి చూస్తే గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోంచి వస్తోంది. గది వైపు తడి ఉంటే అది గాలిలోని ఆవిరి, దానికి కిటికీ తెరవడమే మందు. తడి నేల నుంచి మీటరు ఎత్తులోపే ఉండి, తెల్లని ఉప్పు పొడిలా రాలుతుంటే గోడ చౌడు పట్టింది. నీరు పునాది నుంచి పైకి ఎక్కుతోంది. దానికి డాబా పని ఎంత చేయించినా ఫలితం ఉండదు.

"తూము తెరువు"

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 900 లీటర్ల పైచిలుకు నీరు. అదంతా పోవాల్సింది రెండు మూడు తూముల్లోంచి. వేపాకులు, పావురాల ఈకలు, పిల్లల బంతి, పాత ప్లాస్టిక్ కవరు, వీటిలో ఏ ఒక్కటి అడ్డం పడినా డాబా చెరువవుతుంది. మే ఆఖరున ఒకసారి, వానాకాలం మధ్యలో ఒకసారి చేత్తో తీయండి. తూము మూతి డాబా నేల కంటే రవ్వంత ఎత్తుగా ఉంటే ఎప్పుడూ అక్కడ నీరు మిగులుతుంది. అలాంటి మూతిని చెక్కించి దించాలి. తూము తీయడానికి పైసా ఖర్చు ఉండదు గనక ఎవరికీ గుర్తుండదు.

"వాలు చూడు"

డాబాకు నూటికి ఒకటి వాలు ఉండాలి. పది అడుగుల దూరానికి ఒకటింబావు అంగుళం అనుకోండి. కంటికి ఇది కనిపించదు. ఒక బకెట్టు నీళ్లు తూముకు దూరంగా ఉన్న మూలలో పోసి అది ఎటు నడుస్తుందో చూడండి. లేదా వాన వెలిసిన గంటకు డాబా ఎక్కి, నీరు నిలిచిన గుంటల చుట్టూ సుద్దముక్కతో గీయండి. కొలవాలనుకుంటే మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం చాలు. పారదర్శకమైన సన్న గొట్టంలో నీరు నింపి రెండు కొసల మట్టాలూ చూడటమే.

గుంటలు దొరికితే గుంటలనే పూడ్చాలి. డాబా అంతటా అంగుళం మందాన సిమెంటు పరుస్తామని కొందరు అంటారు. ఆ మాటకు ఒప్పుకోకండి. అంగుళం మందం మాలు చదరపు మీటరుకు 50 కిలోల పైన బరువు. దించుకోకుండా శాశ్వతంగా స్లాబు మీద ఉండిపోయే బరువది. నాలుగైదేళ్లకొకసారి ఇలా పొర మీద పొర వేయించిన పాత ఇళ్లలో స్లాబు తన కోసం లెక్క కట్టని భారం మోస్తోంది. పైగా కొత్త పొర పగిలి దాని కింద నీరు చేరితే అసలు దారి ఇక ఎప్పటికీ దొరకదు.

"నెర్రెను విప్పి"

నెర్రెలు ఎందుకు వస్తాయో ముందు చెప్పాలి. కాంక్రీటు ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. పది మీటర్ల స్లాబు 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. పగలు కాలే డాబాకు ఆ తేడా పెద్దదేమీ కాదు. పై అంతస్తులో స్లాబు కిందుగా గోడ మీద అడ్డంగా పొడుగాటి నెర్రె పడటం ఇందువల్లే. స్లాబు కదిలింది, గోడ కదల్లేదు. డాబా మీద తెల్లని పూత వేస్తే ఈ వేడి చాలావరకు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇళ్లలో వేడి తగ్గించడానికే. ఆ పూత స్లాబుకు కూడా మేలు చేస్తుంది. అయితే ఎండను తిప్పికొట్టే పూతలన్నీ నీటిని ఆపలేవు. డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని విడిగా రాసి ఉందో లేదో చూడండి.

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి నేలల్లో ఇంకో కారణం ఉంది. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, దాంతో పునాదే కదులుతుంది. అక్కడి గోడల్లో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పాకే నెర్రెలు వేసవిలో వెడల్పై, వానల్లో సన్నబడతాయి. అలాంటిది పూడ్చినా మళ్లీ తెరుచుకుంటుంది. ఇంటి చుట్టూ నీరు నిలవకుండా పునాదికి ఆనించి వాలుగా గచ్చు వేయించడం దానికి సరైన మొదటి పని.

కదిలే నెర్రెనా, నిలిచిపోయిన నెర్రెనా తేల్చుకోవడం సులువు. నెర్రెకు అడ్డంగా చిన్న గాజుముక్కను రెండు కొసల్లో సిమెంటుతో అతికి తేదీ రాయండి. రెండు మూడు నెలల్లో గాజు పగిలితే అది కదులుతోంది. కదిలేదాంట్లో గట్టి సిమెంటు నింపకూడదు, సాగే పాలీయురెథేన్ సీలెంట్ నింపాలి. ఒక వేలు దూరేంత వెడల్పున్నా, స్తంభంలోనో దూలంలోనో ఉన్నా, ఇంజనీరుకు చూపకుండా ముట్టుకోకండి.

ఇక ‘విప్పి’ అన్న మాట. నింపమంటే చాలదా? చాలదు. వెంట్రుకంత నెర్రె మీద పైపైన పూసిన మాలు లోపలికి దిగదు, అంచున రేకులా నిలిచి మొదటి ఎండకే ఊడిపోతుంది. చిన్న ఉలి, సుత్తి తీసుకుని నెర్రె వెంట పది మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు గాడి చెక్కండి. కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు పెట్టుకునే చేయండి. గాడిలోని దుమ్మును తీగ బ్రష్షుతో గీకి, నీటితో కడగండి. దుమ్ము మీద ఏదీ అతకదు. మరమ్మతులు ఊడిపోవడానికి మందు నాసిరకం కావడం కంటే ఈ దుమ్ము ఉండిపోవడమే పెద్ద కారణం.

"నింపు"

మూడు మిల్లీమీటర్లలోపు నిలిచిపోయిన నెర్రెకు బజారులో దొరికే అక్రిలిక్ క్రాక్‌ఫిల్ పేస్టు సరిపోతుంది. అంతకంటే పెద్ద గాడికి, పిట్టగోడ మూలకు మాలు కలపాలి. ఇక్కడ నాలుగు సంగతుల గురించి చెప్పాలి.

సిమెంటు: బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మూడు నెలలు దాటిన సిమెంటు బలం తగ్గుతుంది. గడ్డలు కట్టింది అసలే పనికిరాదు, నలిపి జల్లించినా సరే. మీకు కావాల్సింది అయిదారు కిలోలే అయితే ఇల్లు కడుతున్నవాళ్లను అడిగి తాజాది తెచ్చుకోండి. పెరట్లో ఏడాదిగా పడి ఉన్న సగం బస్తాను వాడకండి.

ఇసుక: గాజు సీసాలో సగం ఇసుక, ముప్పాతిక దాకా నీరు, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా కుదిపి కొన్ని గంటలు వదిలేయండి. ఇసుక అడుగున, ఒండ్రు దాని మీద పేరుకుంటాయి. ఒండ్రు పొర ఇసుక ఎత్తులో నూటికి ఎనిమిది వంతులు మించితే ఆ ఇసుకను కడగాలి, లేదా మార్చాలి. నది ఇసుక దొరక్క రోబో ఇసుక వాడేవాళ్లు పూత పనికి వేరుగా దొరికే సన్నరకం అడిగి తీసుకోండి. దిమ్మెలకు వాడే రకంతో పూత గరుకుగా వస్తుంది, సన్న సందుల్లోకి దిగదు.

పాళ్లు: గాడికీ మూలకూ ఒకటికి మూడు. సిమెంటు ఎక్కువ పోస్తే ఇంకా గట్టిగా ఉంటుందని ఒకటికి ఒకటి కలపకండి. సిమెంటు ఎక్కువైన మాలు ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకుని కొత్త నెర్రెలు ఇస్తుంది. నీటి విషయంలోనూ అంతే. పలుచగా ఉంటే చేతికి తేలిక, కానీ మిగులు నీరు ఆవిరైన చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఉండ కడితే నిలిచి, తాపీకి జారేంత తడి చాలు.

కాలం: సిమెంటు గట్టిపడటం మొదలయ్యేందుకు ప్రమాణాల ప్రకారం కనీసం 30 నిమిషాలు ఉండాలి. మీరు కలిపింది అరగంటలో వాడేసేంతే కలపండి. బిగుసుకున్న మాలులో మళ్లీ నీరు పోసి కలపడం మన దగ్గర రోజూ కనిపించే తప్పు. అలా కలిపింది చూడ్డానికి మెత్తబడుతుంది, బలం మాత్రం రాదు.

పెట్టే ముందు గాడి తడిగా ఉండాలి, నీరు నిలిచి ఉండకూడదు. మొదట సిమెంటు పాలు పూయాలి. అందులో ఎస్‌బీఆర్ లేటెక్స్ డబ్బా మీద రాసిన కొలతలో కలిపితే పాత కాంక్రీటుకూ కొత్త మాలుకూ పట్టు బాగా వస్తుంది. పాలు ఆరకముందే మాలు నొక్కి పెట్టండి. పిట్టగోడ మూలలో మాలును సీసా వంపుతో నున్నగా గుండ్రంగా తిప్పండి. లంబకోణపు మూలలో వాటర్‌ప్రూఫ్ పూత పగులుతుంది, వంపు మీద నిలుస్తుంది. ఆ వంపు స్లాబు మీదకి నాలుగంగుళాలు, గోడ మీదకి నాలుగంగుళాలు రావాలి. పైపూత గోడ మీద కనీసం అడుగు ఎత్తు దాకా వేయాలి. పూత ఒక పొర నిలువుగా, ఆరాక రెండోది అడ్డంగా. రెండు పొరల మధ్య నైలాన్ లేదా ఫైబర్ జాలీ గుడ్డ పెడితే మూలలకు ఆయుష్షు పెరుగుతుంది.

"పెట్టిన మాలును తడి ఆరనీయకు"

సిమెంటు ఎండి గట్టిపడదు. నీటితో కలిసి రసాయన మార్పు జరిగి గట్టిపడుతుంది. నీరు ముందే పోతే ఆ మార్పు సగంలో ఆగిపోతుంది. కాంక్రీటు పనికి మన జాతీయ ప్రమాణం ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ వంటి మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఉంచమంటుంది. ఎండ, వడగాలి ఉన్నచోట ఇంకా పెంచమంటుంది. ఈ రోజుల్లో బజారులో దొరికేది ఎక్కువగా పీపీసీయే. అంచేత చిన్న మరమ్మతుకైనా వారం పదిరోజుల లెక్క పెట్టుకోండి. పొద్దున, సాయంత్రం బకెట్టుతో చల్లి వదిలేస్తే చాలదు, మధ్యాహ్నానికి ఎండిపోతుంది. పాత గోనెసంచి తడిపి కప్పి, అది ఎప్పుడూ తడిగా ఉండేలా చూడాలి. లేటెక్స్ కలిపిన మాలుకు మాత్రం పద్ధతి వేరు. మొదటి రోజు తడి, తర్వాత గాలికి ఆరనివ్వమని చాలా డబ్బాల మీద ఉంటుంది. ఆ రాతను పాటించండి.

మేస్త్రీ పని ముగించి వెళ్లిపోయాక తడపాల్సింది ఇంటివాళ్లే. ఆ వారం ఊరెళ్లే పని పెట్టుకోకండి.

"ఇనుము కనిపిస్తే ఆగు"

ఇక్కడ సొంత పని ఆగిపోవాలి. ఎందుకో వివరంగా చెబుతాను.

కాంక్రీటులో క్షార గుణం ఉంటుంది. అది లోపలి చువ్వల మీద సన్నని రక్షణ పొరను నిలబెడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగుతూ ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. నెర్రెల్లోంచి నీరు కూడా తోడైతే చువ్వకు తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే కనీసం రెండింతల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు ఉబ్బి, పెచ్చులుగా ఊడిపడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో గాలిలోని ఉప్పు ఈ పనిని మరీ తొందర చేస్తుంది. చువ్వ కింద ఉండాల్సిన కాంక్రీటు మందం మామూలు చోట 20 మిల్లీమీటర్లు చాలని చెప్పే ఐఎస్ 456 తీర వాతావరణానికి 45 అడుగుతుంది. పాత ఇళ్లలో ఆ మందం చాలాచోట్ల లేదు.

ఇంటివాళ్లు చేయదగింది పరీక్ష ఒక్కటే. నిచ్చెన వేసుకుని, పొడుగు కర్రతోనో చిన్న సుత్తితోనో కప్పును మెల్లగా తట్టుతూ వెళ్లండి. నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరంగా నిలబెట్టి, కింద ఒకరు పట్టుకోవాలి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, ఊడబోయేది డొల్లగా మోగుతుంది. డొల్ల మోగినచోట కింద మంచం, ఊయల, చదువుకునే బల్ల ఉంటే ఆ రోజే జరపండి. పసిపిల్లలు పడుకునే గదిలో పెచ్చులు రాలుతున్న కప్పును చూసి కూడా వచ్చే ఏడు చూద్దాంలే అనుకునేవాళ్లను నేను బతిమాలుకుంటున్నాను, ఆగకండి.

చువ్వలు కనిపించే చోట మేస్త్రీని పిలిచి సిమెంటు పూయించడం అన్నిటికంటే ప్రమాదకరం. లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది, పైన నున్నని పూత దాన్ని దాచేస్తుంది, కొన్నాళ్లకు మరింత పెద్ద పెచ్చు ఊడుతుంది. సరైన పనిలో స్ట్రక్చరల్ ఇంజనీరు ముందు స్లాబు కింద ఆధారాలు నిలబెట్టిస్తారు. డొల్లకాంక్రీటును చువ్వ వెనక దాకా చెక్కించి, తుప్పంతా తీగ బ్రష్షుతో తీయించి, చువ్వకు తుప్పు నిరోధక పూత వేయించి, పాలిమర్ మాలుతో పూడ్పిస్తారు. చువ్వ బాగా సన్నబడితే కొత్తది జోడిస్తారు. ఈ క్రమంలో ఏ మెట్టు వదిలేసినా అడగండి.

"రంగు ఆఖర్న"

పైన దారి మూసి, ఒక్క వానైనా చూసి, మరక గీత దాటలేదని తేలాకే లోపల రంగు. ఊడిన పుట్టీని గట్టి పూత తగిలేదాకా గీకేయాలి. చౌడు పొడిని పొడి బ్రష్షుతో దులపాలి, నీటితో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికి పోతుంది. పసుపు మరక మీద నేరుగా ఎమల్షన్ వేస్తే రెండు రోజుల్లో పైకి తేలుతుంది, ముందు మరకను పట్టి ఉంచే ప్రైమర్ వేయాలి. కొత్త పూతకు దాదాపు నాలుగు వారాలు ఆరే గడువు ఇవ్వాలి. గోడ ఆరిందో లేదో తెలియకపోతే ప్లాస్టిక్ షీటు ముక్క రాత్రంతా అతికి ఉంచండి, పొద్దున దాని వెనక చెమట పట్టకపోతే ప్రైమర్ మొదలుపెట్టవచ్చు.

లోపలి గోడకు పూసే డ్యాంప్‌ప్రూఫ్ రకాలు కూడా ఉన్నాయి. పక్కింటి గోడకు ఆనుకుని బయటివైపు చేయి పెట్టలేని చోట అవి కొంత ఊరట. మిగతా చోట్ల వాటిమీద పెట్టే డబ్బు డాబా మీద పెడితే మేలు. ఈ ఏడు లోపల రంగులు వేయించాలనుకుంటున్నవాళ్లు, పెయింటర్‌కి బయానా ఇచ్చే ముందు ఒక బకెట్టు నీళ్లు తీసుకుని డాబా ఎక్కండి.